పచ్చ రింగు పెట్టాలా, గుట్టుగా వెతకాలా?

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిక్రూటర్‌ని. మా టీమ్‌లో సగం మంది కంపెనీ పేరోల్ మీద, మిగతా సగం బయటి హైరింగ్ ఏజెన్సీ పేరోల్ మీద ఉండేవాళ్లు. ఒకరోజు ఏజెన్సీ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి లింక్డ్‌ఇన్ అనే ఉద్యోగాల నెట్‌వర్క్ సైటు తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "అక్కా, ఈయన మన జావా పొజిషన్‌కి సరిగ్గా సరిపోతాడు. ఓపెన్ టు వర్క్ కూడా పెట్టుకున్నాడు" అంది. చూస్తే మా బిల్డింగ్‌లోనే నాలుగో అంతస్తులో కూర్చునే మనిషి! పాపం, స్కిల్స్ చూసిన హడావిడిలో ఇప్పుడు ఏ కంపెనీలో ఉన్నాడో చూసుకోలేదు ఆ పిల్ల. ఓపెన్ టు వర్క్ అంటే ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే గుర్తు. అదే పేరు నా లాగిన్‌లో తెరిస్తే ఆ గుర్తు లేదు. ఆమె లాగిన్‌లో ఉంది. ఆయన "రిక్రూటర్లకు మాత్రమే" అన్న ఆప్షనే పెట్టుకున్నాడు మరి.

ఆ సంగతి మా టేబుల్ దాటనివ్వలేదు మేం. అన్ని టేబుళ్ల దగ్గరా అలా ఆగదు.

ఉద్యోగం మారదామనుకునే వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "లింక్డ్‌ఇన్‌లో ఫొటో చుట్టూ వచ్చే ఆ ఓపెన్ టు వర్క్ పచ్చ రింగు పెట్టుకోమంటారా? గతిలేక వెతుక్కుంటున్నట్టు కనిపిస్తుందేమో?" నన్నడిగితే గతిలేనట్టు కనిపించడం చిన్న విషయం. రాబోయే మూడు నెలలు మీ జీతం, మీ ప్రాజెక్టు, మీ రేటింగ్ ఎవరి చేతిలో ఉన్నాయి, ఆ రింగు వాళ్ల కంటపడితే ఏమవుతుంది అన్నదే అసలు విషయం. అలా చూస్తే ఒకే రింగు ఒకరికి మేలు, ఇంకొకరికి కీడు.

రింగు వల్ల ఒరిగేదేమిటి

లింక్డ్‌ఇన్‌లో ఈ ఏర్పాటు రెండు అంచెల్లో వచ్చింది. 2016 అక్టోబరులో, రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా గుట్టుగా చెప్పుకునే వీలు ఇచ్చారు. అందరికీ కనిపించేలా ఫొటో చుట్టూ పెట్టే పచ్చ రింగు 2020 జూన్‌లో, కోవిడ్ దెబ్బకు లక్షల ఉద్యోగాలు పోతున్న రోజుల్లో వచ్చింది. అంటే రింగు పుట్టిందే ఉద్యోగం పోయినవాళ్ల కోసం. ఉద్యోగంలో ఉంటూ ఇంకోటి వెతుక్కునే వాళ్లకు మొదటి ఏర్పాటు ఉండనే ఉంది. మనవాళ్లు రెండింటినీ ఒకటే అనుకుని కలగాపులగం చేస్తున్నారు.

రింగు పెడితే రిక్రూటర్ల నుంచి మెసేజ్ వచ్చే అవకాశం సగటున 40 శాతం పెరుగుతుందని అప్పట్లో లింక్డ్‌ఇన్ ప్రకటించుకుంది. పెరుగుతుంది, కాదనను. శుక్రవారంలోగా ఆరు పొజిషన్లు మూసేయాలని పై నుంచి ఒత్తిడి ఉన్నప్పుడు నేనూ రింగు ఉన్నవాళ్లకే ముందు ఫోన్ చేసేదాన్ని. రింగు ఉంటే ఫోన్ ఎత్తుతారు, అంతే. ఎత్తాక జరిగే బేరం సంగతి వేరు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఉద్యోగాల బజారుకు సరిగ్గా అతుకుతుంది. మనం వెతుక్కుంటూ వెళ్తే ఉన్న జీతం మీద 20 శాతం ఇస్తామంటారు. వాళ్లే వెతుక్కుంటూ వస్తే 50 శాతం మన నోటితో చెప్పినా కాదనరు. మన దగ్గర ఆఫర్ లెక్క ఇప్పటికీ చాలా చోట్ల పాత సీటీసీ (ఏడాదికి కంపెనీ లెక్కలో మీ మొత్తం జీతం) మీద, చివరి మూడు నెలల పే స్లిప్పుల మీదే నడుస్తుంది. ఆ బేరంలో మీ చేతిలో ఉండే ఒకే ఒక్క ముక్క "నాకు ఉన్న ఉద్యోగం ఉంది, తొందరేం లేదు" అన్నది. రింగు ఆ ముక్కను ఆట మొదలవకముందే బల్ల మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టేస్తుంది.

పదేళ్ల అనుభవం దాటినవాళ్లకు ఇంకో చిక్కు. జూనియర్ ప్రొఫైల్‌లో రింగు ఉంటే ఏ హైరింగ్ మేనేజరూ పట్టించుకోగా చూళ్లేదు. ఆర్కిటెక్టు, డెలివరీ మేనేజర్ స్థాయి ప్రొఫైల్ పంపితే మాత్రం "ఇంత మంచివాడైతే ఖాళీగా ఎందుకున్నాడు?" అనే మాట రెండుమూడు సార్లు విన్నాను. అన్యాయమే, కానీ అంటారు. ఆ చూపు 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేసినప్పటి నుంచి కొంత మారింది. పేరున్న కంపెనీల నుంచి మంచి ఇంజినీర్లు ఒకేసారి రింగులు పెట్టుకుని వచ్చేసరికి, రింగుకూ పనితనానికీ సంబంధం లేదని చాలామందికి అర్థమైంది. అందరికీ కాదు.

ఉద్యోగంలో ఉండి రింగు పెడితే

మన దేశంలో, ముఖ్యంగా హైదరాబాద్, బెంగళూరు ఐటీలో రింగుకు ఒక విచిత్రమైన లోపం ఉంది. అమెరికా సలహాలు చదివేవాళ్లకు అది తట్టదు. మన నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక పనిచేయాల్సిన గడువు, 60 నుంచి 90 రోజులు. రింగు చూసి ఫోన్ చేసిన రిక్రూటర్ మొదట అడిగేది "ఎల్‌డబ్ల్యూడీ ఎప్పుడండీ?" అని, అంటే లాస్ట్ వర్కింగ్ డే. "ఇంకా పేపర్లు పెట్టలేదు, నోటీసు 90 రోజులు" అన్నారనుకోండి, "ఓకే అండీ, మళ్లీ చేస్తాం" అని పెట్టేస్తాడు. మళ్లీ చేయడు. అతనికి కావాల్సింది ఇమ్మీడియట్ జాయినర్, అంటే వెంటనే చేరేవాడు.

కాబట్టి పేపర్లు పెట్టకుండా, అంటే రాజీనామా ఇవ్వకుండా, రింగు పెట్టినవాళ్ల పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడిలా ఉంటుంది. రిక్రూటర్‌కి కావాల్సిన తేదీ అందులో లేదు, మేనేజర్‌కి తెలియకూడని కబురు మాత్రం ఉంది. అదే పేపర్లు పెట్టేశాక, చివరి తేదీ చేతికొచ్చాక పెట్టారనుకోండి, కంపెనీకి ఎలాగూ తెలుసు కాబట్టి దాచేదేం లేదు. పేరు కింద హెడ్‌లైన్‌లో "చివరి తేదీ ఫలానా" అని ఒక్క ముక్క చేరిస్తే ఫోన్లు ఆగవు.

తెలిస్తే ఏం చేస్తారు, తీసేస్తారా అంటే, మామూలుగా తీసేయరు. రింగు పెట్టుకోవడం నేరం కాదు, దాని మీద చార్జిషీటు ఇచ్చిన కంపెనీని నేను చూళ్లేదు. జరిగేది చప్పుడు లేకుండా జరుగుతుంది. కొత్త ప్రాజెక్టుకు పేర్లు రాసేటప్పుడు "ఎలాగూ వెళ్లిపోతాడులే" అని మీ పేరు పక్కన పెడతారు. అప్రైజల్‌లో పరిమితంగా ఉండే మంచి రేటింగులు ఉండేవాళ్లకే ఇస్తారు. ఆన్‌సైట్, అంటే విదేశంలో క్లయింట్ దగ్గర పని కోసం ఎదురుచూస్తున్న వాళ్లయితే మరీ జాగ్రత్త: అమెరికా పని వీసా అయిన హెచ్‌1బీకి రిజిస్ట్రేషన్ మార్చి నెలలో జరుగుతుంది, ఎవరెవరి పేర్లు వేయాలో కంపెనీలు అంతకు ముందే అనుకుంటాయి. జనవరిలో రింగు పెట్టి మార్చిలో నా పేరు ఎందుకు లేదని అడిగితే చెప్పేవాళ్లుండరు. రింగు వల్లేనని రుజువు చేయలేం కూడా.

"రిక్రూటర్లకు మాత్రమే" అంటే ఎంతమంది

ఉద్యోగంలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే ఆప్షన్. దీనికీ చిల్లులున్నాయి. అవి తెలిశాకే పెట్టుకోవాలి.

మీ కంపెనీ రిక్రూటర్లకూ, దాని అనుబంధ కంపెనీల రిక్రూటర్లకూ ఈ గుర్తు కనిపించకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ చెబుతుంది. ఆ పక్కనే, పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని కూడా రాసి ఉంటుంది. ఆ రెండో వాక్యం ఎవరూ చదవరు. మొదట చెప్పిన జావా ఆయన కథలో చిల్లు ఏజెన్సీ. పెద్ద కంపెనీలు నియామకాల పనిని బయటి సంస్థలకు ఇస్తాయి. ఆ సంస్థ రిక్రూటర్ మీ ఆఫీసులోనే కూర్చున్నా, లింక్డ్‌ఇన్ దృష్టిలో ఆమె వేరే కంపెనీ ఉద్యోగి.

రెండో చిల్లు మన ప్రొఫైల్‌లోనే ఉంటుంది. కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్లు పేరోల్ కంపెనీ పేరు వదిలేసి పెద్ద క్లయింట్ పేరు రాసుకుంటారు, నలుగురిలో బాగుంటుందని. ఎవరి నుంచి దాచాలన్నది ఆ పేరును బట్టే ఉంటుంది కదా. అప్పుడు గుర్తు క్లయింట్ వాళ్ల నుంచి దాగుతుంది, జీతం ఇచ్చే పేరోల్ కంపెనీ (వెండర్) హెచ్‌ఆర్‌కి కనిపిస్తుంది. కంపెనీ పేరు టైపు చేసేటప్పుడు వచ్చే జాబితాలోంచి అసలు కంపెనీ పేజీని ఎంచుకోకుండా సొంతంగా రాసి వదిలేసినా ఇలాంటి తలనొప్పే.

మూడోది మనుషుల చిల్లు. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి రిక్రూటర్లందరికీ ఒకరికొకరు తెలుసు. ఇవాళ ఈ కంపెనీలో, వచ్చే ఏడాది పక్క బిల్డింగ్‌లో. వాట్సాప్ గ్రూపుల్లో ప్రొఫైళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. "మీ దగ్గర పనిచేసే ఫలానా ఆయన ఎలాంటివాడు?" అని స్నేహంగా అడిగే ఒక్క ఫోన్ కాల్ చాలు.

ఇన్ని ఉన్నా రింగు కంటే ఇది ఎన్నో రెట్లు నయం. మేనేజర్, టీమ్‌మేట్, క్లయింట్, మీ ఊరి బాబాయ్ వీళ్లెవరికీ కనిపించదు. ముప్పు ఉన్నదల్లా కొద్దిమంది రిక్రూటర్ల నోటి దగ్గరే.

ఓపెన్ టు వర్క్ ఏ రూపంలోనూ పెట్టకపోయినా మీ ప్రొఫైల్ మీ గురించి చెబుతూనే ఉంటుంది, ఈ సంగతి మీద కోర్టు కేసే నడిచింది. హైక్యూ ల్యాబ్స్ అనే అమెరికా సంస్థ లింక్డ్‌ఇన్‌లో అందరికీ కనిపించే ప్రొఫైళ్లను కంప్యూటర్ ప్రోగ్రాములతో ఏరుకుని, మీ ఉద్యోగుల్లో ఎవరు వెళ్లిపోయేలా ఉన్నారో చెబుతామని కంపెనీలకు అమ్మేది. ఆ సరుకు పేరు కీపర్. లింక్డ్‌ఇన్ ఆపమంది, హైక్యూ 2017లో కోర్టుకెక్కింది, 2022 చివర్లో గానీ ఆ గొడవ ముగియలేదు. ఆ వాదనల్లో బయటికొచ్చిన ఒక సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది: ప్రొఫైల్ మార్చినప్పుడు నెట్‌వర్క్‌కు కబురు వెళ్లకుండా ఆపుకున్న సభ్యులు అప్పటికే 5 కోట్ల మందికి పైగా ఉన్నారట. అంతమంది గుట్టుగా మార్చుకుందామనుకున్నారు. కబురు ఆగింది, ప్రొఫైల్ మారిన సంగతి మాత్రం చూసేవాడికి తెలుస్తూనే ఉంది.

అందుకే రెండేళ్లుగా ముట్టుకోని ప్రొఫైల్‌లో ఒకే ఆదివారం కొత్త ఫొటో, కొత్త హెడ్‌లైన్, 14 స్కిల్స్, మూడు సర్టిఫికెట్లు, పాత మేనేజర్ల దగ్గర అడిగి రాయించుకున్న రికమెండేషన్లు పెట్టకండి. అది రింగు లేని రింగు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కు తెలియజేసే ఆప్షన్ ముందు ఆపేసి, వారానికొకటి చొప్పున చేర్చండి. అసలు ఉద్యోగం బాగున్న రోజుల్లోనే ఏడాదికి రెండుసార్లు దుమ్ము దులిపే అలవాటుంటే ఏ మార్పూ ఎవరి కంటా పడదు. పోటీ కంపెనీ రిక్రూటర్ల ప్రొఫైళ్లు చూసేటప్పుడు మీరు చూసినట్టు వాళ్లకు తెలియనివ్వని ప్రైవేట్ మోడ్ పెట్టుకోవడం కూడా అలాంటిదే.

నౌకరీ సంగతి

లింక్డ్‌ఇన్ చుట్టూ ఇంత చర్చ జరుగుతుంటే, మన దేశంలో నిజానికి ఎక్కువ ఫోన్లు తెచ్చేది 1997 నుంచి ఉన్న నౌకరీ డాట్ కామ్. గోప్యత వరకు చూస్తే దానికి ఒక పెద్ద సుగుణం ఉంది: అక్కడ మీ మేనేజర్ తీరిక వేళ స్క్రోల్ చేస్తూ ఉండడు. డబ్బు కట్టి రెజ్యూమె డేటాబేస్ కొనుక్కున్న రిక్రూటర్లే చూడగలరు. ఫలానా కంపెనీకి నా ప్రొఫైల్ కనిపించకూడదని బ్లాక్ చేసుకునే వీలుంది. మీ కంపెనీ పేరుతో పాటు దాని పాత పేరు, గ్రూపు కంపెనీలు, మీరు పనిచేసే క్లయింటు, ఇవన్నీ బ్లాక్ జాబితాలో చేర్చండి. ఈ పని పది నిమిషాలది. నేను చూసినవాళ్లలో పదిమందికి ఒకరు కూడా చేయరు.

నోటీస్ పీరియడ్ గడి నిజాయితీగా నింపండి. రిక్రూటర్ వెతికేటప్పుడు ఆ గడి మీదే వడపోస్తాడు. 90 రోజులున్నా "15 రోజులు" అని పెట్టేవాళ్లున్నారు. ఫోన్‌లోనే దొరికిపోతారు, నోట్స్‌లో ఎక్కుతుంది.

నౌకరీకి ఉన్న జబ్బు వేరు. సీవీ ఒకసారి డౌన్‌లోడ్ అయిందంటే మీ ఫోన్ నంబరుతో సహా ఎవరెవరి ఎక్సెల్ షీట్లలో తిరుగుతుందో చెప్పలేం. కంపెనీని బ్లాక్ చేయగలరు గానీ, ఆ కంపెనీకే మనుషుల్ని సరఫరా చేసే కన్సల్టెన్సీలన్నిటినీ చేయలేరు కదా. ఉద్యోగం మారిన మూడేళ్లకు కూడా "సర్, లుకింగ్ ఫర్ జాబ్ చేంజ్?" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. వెతుకులాటకు వేరే సిమ్, వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నౌకరీ, లింక్డ్‌ఇన్ జాబ్స్ తెరవకండి. ఏ సైటు ఎంతసేపు చూశారో ఐటీ వాళ్ల లాగుల్లో ఉంటుంది.

రింగుకూ, నౌకరీకీ ఉమ్మడి ముప్పు ఇంకోటుంది. దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. మీరు వెతుకుతున్నారని బజారుకు తెలిస్తే, మిమ్మల్ని అడక్కుండానే రెండు మూడు కన్సల్టెన్సీలు మీ సీవీని ఒకే కంపెనీకి పంపేస్తాయి. తర్వాత మీ స్నేహితుడు అదే కంపెనీలో రెఫర్ చేస్తే "ఈ ప్రొఫైల్ సిస్టమ్‌లో ఆల్రెడీ ఉంది" అని తిరిగొస్తుంది. అతని రెఫరల్ బోనస్ పోతుంది, మీకు వచ్చే బలం పోతుంది. అమెరికాలో వెండర్ల ద్వారా కాంట్రాక్టులు చేసే మనవాళ్లకు ఇది మరీ బాగా తెలుసు. ఒకే క్లయింటుకు డబుల్ సబ్మిషన్ అయిందంటే రెండూ పక్కన పడేస్తారు. మీ సీవీ పంపడానికి వెండర్‌కు అనుమతిచ్చే ఆర్‌టీఆర్ మెయిల్ ఇచ్చేముందు క్లయింట్ పేరు అడిగి రాసి పెట్టుకోవడం అందుకే.

నలుగురికి చెప్పడం

పాత మేనేజర్లకు, కంపెనీ మారిన పాత టీమ్‌మేట్లకు ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పడం అన్నిటికంటే పాత పద్ధతి. అన్నిటికంటే నిదానం కూడా. నా లెక్కలో సీనియర్లకు ఇదే మొదటి దారి, మిగతావి తోడు. చెప్పిన ప్రతి మనిషికీ పేరుంటుంది కాబట్టి కబురు బయటికొస్తే ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. రెఫర్ చేసేవాడు మీ పని చూసినవాడు, కాబట్టి బేరం పే స్లిప్పు దగ్గర మొదలవదు. ప్రస్తుత టీమ్‌లో ఎంత దగ్గరివాళ్లకైనా, ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా చెప్పకండి. లంచ్ టేబుల్ దగ్గర రహస్యం ఉండదు.

నేరుగా కంపెనీ కెరీర్స్ పేజీలో అప్లై చేయడం సురక్షితం, కాకపోతే చాలాసార్లు బావిలో రాయి వేసినట్టే.

రింగుతో పాటు పొడవాటి పోస్టులు రాయడం కూడా ఈమధ్య ఎక్కువైంది: ఉద్యోగం పోయింది, ఇంట్లో ఇలా ఉంది, దయచేసి షేర్ చేయండి అని. బాధలో రాసేవాళ్లను తప్పుపట్టను. పోస్టు రాస్తే ఏ టెక్నాలజీ, ఎన్నేళ్లు, ఏ ఊరు, ఎప్పుడు చేరగలరు, ఈ నాలుగూ మొదటి రెండు లైన్లలో ఉండాలి. పాత కంపెనీ మీద కోపం ఒక్క మాట కూడా ఉండకూడదు. కోపం ఉన్న పోస్టుకే లైకులు ఎక్కువ వస్తాయి. ఆఫర్లు రావు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

అక్కడ లెక్క తలకిందులు. హెచ్‌1బీ మీద ఉండి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అంతకంటే ముందే ముగిసిపోతే ఆ తేదీ వరకే. ఆఫర్ వస్తే సరిపోదు, కొత్త కంపెనీ ఆ గడువులోగా పిటిషన్ వేయాలి. దానికి ముందు అక్కడి కార్మిక శాఖ ఇచ్చే ఎల్‌సీఏ ఆమోదానికే ఏడు పనిదినాలు పడుతుంది, ఆపైన కొత్త కంపెనీ లాయర్ల కాగితాలు. చేతిలో నిజంగా ఉండేది 40, 45 రోజులు. అక్కడ పరువు, బేరం అని కూర్చోవద్దు. ఉద్యోగం పోయిన రోజు సాయంత్రమే రింగు పెట్టండి. ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) మీద ఉన్న పిల్లలకూ అంతే: మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు, సైన్స్, టెక్నాలజీ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే అన్నీ కలిపి 150.

ఉద్యోగంలో ఉండి గ్రీన్ కార్డు దారిలో ఉన్నవాళ్లకు మాత్రం ఇంకో లెక్క. గ్రీన్ కార్డుకు తొలి మెట్టయిన పెర్మ్ మొదలుపెట్టడం పూర్తిగా కంపెనీ ఇష్టం. ఇంకా మొదలవకముందు మీ రింగు లాయర్ టీమ్ కంటపడితే ఫైలు కింద పడుతుంది, అడిగితే బడ్జెట్ అంటారు. ఆ తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్‌కు ఆమోదం వచ్చి 180 రోజులు దాటితే, కంపెనీ తర్వాత వెనక్కి తీసుకున్నా ఆ ఆమోదం రద్దవదు, దాని మీద హెచ్‌1బీ పొడిగింపు తీసుకోవచ్చు. ఆ మైలురాయికి ఇటువైపు ఉన్నారో అటువైపు ఉన్నారో చూసుకుని గుట్టు ఎంత పాటించాలో తేల్చుకోండి.

రింగు వెంట వచ్చే మోసగాళ్లు

పచ్చ రింగు రిక్రూటర్లకే కాదు, దొంగలకూ గుర్తే. ఉద్యోగం అవసరమైన మనిషి ఎవరో వాళ్లు వెతుక్కోనవసరం లేకుండా పోతుంది. పార్ట్ టైమ్ పని అని టెలిగ్రామ్ గ్రూపులోకి లాగి, మొదట నాలుగు రూపాయలిచ్చి తర్వాత లక్షలు కట్టించుకోవడం ఒక రకం. బ్యాక్‌డోర్‌లో పెద్ద కంపెనీ ఆఫర్ ఇప్పిస్తామని లక్షలు తీసుకునే అమీర్‌పేట, మాదాపూర్ కన్సల్టెన్సీ కథలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులోనైతే, డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు.

ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, వెరిఫికేషన్ చార్జీ, ఏ పేరుతో అడిగినా అది ఉద్యోగం కాదు. విదేశాలకు పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. అయినవాడు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. డబ్బు పోయిందా, ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

చట్టం కాపాడుతుందిలే అనుకునేవాళ్లకు ఒక మాట. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తనంతట తాను అందరికీ కనిపించేలా పెట్టుకున్న సమాచారానికి వర్తించదు. ఉద్యోగం వెతుకుతున్నానని అందరికీ కనిపించేలా పెట్టింది మీరే కాబట్టి, ఎవరో దాన్ని ఏరుకున్నారని గొడవపడటానికి ఆ చట్టం అక్కరకు రాదు.

మరి ఎవరు ఏది?

ఉద్యోగం పోయినవాళ్లు, పేపర్లు పెట్టి చివరి తేదీ ఖరారైనవాళ్లు: రింగు పెట్టండి, సందేహించకండి. రాజీనామా చేసి చేతిలో ఒక ఆఫర్ ఉండి, ఇంకా మంచిది చూస్తున్నవాళ్లు మాత్రం వద్దు. ఆఫర్ ఇచ్చిన కంపెనీ హెచ్‌ఆర్ చేరే తేదీ దాకా మీ ప్రొఫైల్ చూస్తూనే ఉంటుంది. నేనూ చూసేదాన్ని.

ఫ్రెషర్లకు రింగు వల్ల నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. పిల్లల కోసమో, పెద్దవాళ్ల ఆరోగ్యం కోసమో కొన్నేళ్లు ఆగి మళ్లీ వస్తున్న ఆడవాళ్లకు నేను రింగే చెబుతాను. 2022లో లింక్డ్‌ఇన్ ఇచ్చిన కెరీర్ బ్రేక్ గడి కూడా నింపుకోండి, ఖాళీ ఎందుకని అడిగే అవసరం తప్పుతుంది. రింగుతో పాటు "హాయ్ డియర్" మెసేజ్‌లు కూడా వస్తాయి, బ్లాక్ బటన్ దగ్గర మొహమాటం వద్దు.

ఉద్యోగంలో ఉన్న ఐదారేళ్ల అనుభవం వాళ్లకు: "రిక్రూటర్లకు మాత్రమే" పెట్టి, పక్కనే నౌకరీలో బ్లాక్ జాబితా నింపుకుని వెతకండి. మీ కంపెనీ నియామకాలు బయటి ఏజెన్సీ చూస్తుంటే, లేదా మీరు ఆన్‌సైట్, ప్రమోషన్ లాంటిది దగ్గర్లో ఆశిస్తుంటే, ఆ ఆప్షన్ కూడా ఆపేసి ఫోన్ల మీదే నడపండి. పదేళ్లు దాటినవాళ్లకు తెలిసినవాళ్లకు ఫోన్ చేయడమే మొదటి దారని ముందే చెప్పాను.

ఇంతా చేసినా మేనేజర్ ఒకరోజు కాన్ఫరెన్స్ రూమ్‌లోకి పిలిచి అడిగాడనుకోండి. "అదా, పాతదండీ, తీయడం మర్చిపోయా" అనే అబద్ధం మాత్రం వద్దు. ప్రతి మేనేజరూ తన జీవితంలో ఒకసారైనా ఆ అబద్ధం ఆడి ఉంటాడు. "మార్కెట్ ఎలా ఉందో చూస్తున్నాను, ఏదీ అనుకోలేదు" అని చెప్పి, మిమ్మల్ని బయటికి చూసేలా చేసిన ఒకే ఒక్క కారణం, జీతమో ప్రాజెక్టో షిఫ్టో, అక్కడే చెప్పేయండి. కొన్నిసార్లు అది సర్దుకుంటుంది. కౌంటర్ ఆఫర్ ఇస్తే మాత్రం మెయిల్‌లో వచ్చేదాకా వెతుకులాట ఆపకండి.

కొత్త ఉద్యోగం దొరికాక చేయాల్సిన పని ఒకటి చాలామంది మరిచిపోతారు. మా దగ్గర చేరిన ఒక కుర్రాడు లింక్డ్‌ఇన్‌లో అన్నీ సర్దుకున్నాడు గానీ నౌకరీ ప్రొఫైల్ అలాగే వదిలేశాడు. చేరిన రెండో వారంలో మా టీమ్‌లోనే ఒకమ్మాయి డేటాబేస్‌లో అతన్ని చూసి ఫోన్ చేసి, ఉద్యోగం మారే ఆలోచన ఉందా అని అడిగింది. అతను జీతం ఎంతిస్తారని అడిగాడు. కంపెనీ పేరు అడగడం ఆ తర్వాత గుర్తొచ్చింది.